పదకొండుంపావుకి చల్లబడే లాప్‌టాప్

లాప్‌టాప్ కట్టేసి ఉంది. ఛార్జరు చుట్టచుట్టి మేకుకి తగిలించి ఉంది. అయినా మూత మీద పెట్టిన గిన్నెలో పేరుకున్న నెయ్యి అంచుల దగ్గర కరగడం మొదలుపెట్టింది.

సువర్చల గోడగడియారం చూసింది. పది ముప్ఫై ఎనిమిది. ఫ్రిజ్ పక్కన వేలాడుతున్న కేలండర్లో ఆ రోజు గడిలో "10.38 కరిగింది" అని పెన్సిల్‌తో రాసి, వెళ్ళి పోపులో ఆవాలు వేసింది. విశాఖపట్నంలో డిసెంబరు నెల. పొద్దున్నపూట నెయ్యి తనంతట తాను కరిగే రోజులు కావు.

గిన్నె పెట్టి చూడటం ఇది తొమ్మిదో రోజు. థర్మామీటరు పెట్టి చూడొచ్చు కదా అంటే, ఇంట్లో ఉన్నది ఒక్కటే, దాన్ని భర్త చిదంబరం తన ల్యాబుకి పట్టుకెళ్ళాడు. అక్కడివి సరిగ్గా చూపించడం లేదట. ఆయన పనిచేసేది ఉష్ణ పరిశోధనశాలలో.

గొడవంతా దసరా వెళ్ళాక మొదలైంది. కూతురు శర్వాణి లాప్‌టాప్ మీద టీ ఒలికి మదర్‌బోర్డు పోయింది. షాపుకి పంపుదామంటే చిదంబరం ఒప్పుకోలేదు.

"షాపెందుకూ? బోర్డు నేనే మార్చి, మా పలక కూడా వేస్తాను. ఇంటిదగ్గర వాడి చూడ్డానికి స్టాఫ్ తెచ్చుకోవచ్చు. నాదాన్లో ఒకటి, దీన్లో ఒకటి."

మా పలక అంటే జంటపలక. పదకొండేళ్ళుగా ఆయనా, ఆయన మాటల్లోని సగం వాక్యాలూ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మాత్రం, ఎందుకో, ఎక్కువ మాట్లాడలేదు. ఒక ఆదివారం తన ఆఫీసు లాప్‌టాప్ ఇంటికి తెచ్చి, దాన్లో తుఫాన్ల లెక్కేదో పెట్టి, అది దమ్ము పట్టి పనిచేస్తుండగా తెచ్చి సువర్చల అరచేతుల్లో పెట్టాడు. కొత్త కుండలా చల్లగా ఉంది.

"వేడి ఏదండీ?" అంది సువర్చల. ఆమె చదివింది బి.ఎస్సీ. ఫిజిక్సే. పెళ్ళయిన ఈ పంతొమ్మిదేళ్ళలో ఆ సంగతి ఎవరూ ఆమెని అడగలేదు.

"పంపేశాం."

"ఎక్కడికి?"

"దాని జంటకి. ఒకే స్ఫటికాన్ని కోసి రెండు పలకలు చేస్తాం. ఒకటి పంపేది, ఒకటి పుచ్చుకునేది. ఇక్కడ పుట్టిన వేడి ఎంత దూరానున్నా దాన్లో తేలుతుంది. పంపేవి లాప్‌టాపుల్లో పెడతాం. పుచ్చుకునేవన్నీ మా కొండకింద నీళ్ళ ట్యాంకులో పడుంటాయి."

"పుచ్చుకునేదాన్ని అడిగారా?"

"ఏమిటీ?"

"ఏం లేదు. కాఫీ కలపనా?"

ఆ మధ్యాహ్నమే, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పాఠం వింటూ అలాగే నిద్రపోయిన శర్వాణి కెవ్వుమని లేచింది. తొడ మీద ఇస్త్రీపెట్టె అంటుకున్నంత మేర ఎర్రగా కమిలి, సాయంత్రానికి బొబ్బలెక్కింది. ఇంటరు రెండో ఏడు చదువుతున్న పిల్ల, నాలుగు రోజులు పక్కకి ఒరిగి కూర్చుని ప్రాక్టికల్స్ రాసుకుంది.

"గాలి తూములు దుప్పటితో మూసేసి ఉంటుంది. బల్లమీద పెట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు చిదంబరం.

"నాన్నా, కాలింది నాకు. దానికి కాదు," అంది శర్వాణి.

ఆ తరవాత మూడు ఆదివారాలు ఆయన దాన్ని విప్పాడు. విప్పిన ప్రతిసారీ ఒక కారణం దొరికింది. మొదటి ఆదివారం, ప్రాసెసరుకీ వేడిని లాగే రాగిపట్టీకీ మధ్య పూసే పేస్టు ఎక్కువైందన్నాడు.

"పలచగా పూయాలి. గడ్డలా ఉంటే వేడి దిగదు."

"పెనానికి నూనె రాసినట్టు," అంది సువర్చల.

"ఉహూ, అది వేరు," అన్నాడు. ఆయన లెక్కలో వంటింట్లోది ఏదైనా వేరే.

రెండో ఆదివారం పేస్టు కాదు, ఫ్యాను. పాత బోర్డులో ఫ్యాను ఎంత వేడికి తిరగాలో ఒక రకంగా రాసి ఉంటుంది, కొత్తదాన్లో ఇంకో రకంగా ఉంటుంది, ఇది మొహమాటపడుతోంది అన్నాడు. దానికి మొహమాటం మాన్పించాడు. ఇంట్లో పిండిమర పెట్టినట్టయింది కానీ వేడి తగ్గలేదు. మూడో ఆదివారానికి అసలు వేడే లేదన్నాడు.

"పాత బోర్డు సెన్సారు తక్కువ చూపించేది. అంటే ముందునుంచీ ఇది ఇంత వేడిగానే ఉండేదేమో. మనకిప్పుడు తెలుస్తోంది, అంతే. బోర్డు మారిస్తే వేడి మారడం మామూలే సువర్చలా. పేస్టు కొత్తది, స్క్రూల బిగింపు కొత్తది, కరెంటు తీసుకునే పద్ధతి కొత్తది. అన్నీ కుదురుకోవద్దూ?"

"కొత్త కోడల్లా," అంది సువర్చల.

"ఆఁ, అలాంటిదే."

"కట్టేసి ఉన్నప్పుడు కూడా కాలుతోందండీ."

"కట్టేసి ఉంటే ఎలా కాలుతుంది? నీకలా అనిపిస్తుంది."

పంతొమ్మిదేళ్ళుగా ఆమెకి చాలా విషయాలు అలా అనిపిస్తూనే ఉన్నాయి. గ్యాసు వాసన అలాగే అనిపించింది, చివరికి గొట్టం పగిలే ఉంది. మేడమీద ట్యాంకు కారుతున్నట్టూ అలాగే అనిపించింది, పక్కింటివాళ్ళ గోడ నాని పెచ్చులూడేదాకా. ఈసారి అనిపించడం మీద ఆధారపడదలచుకోలేదు. సోమవారం పొద్దున్న ఆయన స్కూటరు మలుపు తిరగగానే నెయ్యి గిన్నె తెచ్చి లాప్‌టాప్ మీద పెట్టింది.

తొమ్మిది రోజులకి కేలండరు నిండింది. సువర్చల కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది.

రోజూ పదిన్నర దాటాక కరగడం మొదలు. పదకొండుంపావుకి పలక చల్లబడి, నెయ్యిమీద మీగడలాంటి పొర కడుతుంది. పదకొండున్నరకి మళ్ళీ వేడి. ఒంటిగంటకి చల్లారుతుంది, రెండుంబావుకి కాస్త బద్ధకంగా అందుకుంటుంది, అయిదుకల్లా ఖతం. రెండో శనివారం చల్లగా ఉంది. ఆదివారం చల్లగా ఉంది.

"అమ్మా, ఇది ఎక్కడో ఉద్యోగం చేస్తోందే," అంది కాలేజీనుంచి వచ్చిన శర్వాణి, కేలండరు వేలితో చదువుతూ. "టీకి లేస్తోంది చూడు."

"గవర్నమెంటు ఉద్యోగమే," అంది సువర్చల. "రెండో శనివారం సెలవు."

"మరి పోయిన బుధవారం? రోజంతా గీత పెట్టావు."

గీత అంటే చల్లగా ఉందని. బుధవారం ఏం జరిగింది? సువర్చలకి గుర్తొచ్చింది. బుధవారం మిరియాల కషాయం కాచింది. ఆవిరి పట్టింది. నెత్తిన తువ్వాలు కప్పుకుని, తుమ్ముతూ, ఇంట్లో పడుకున్నది చిదంబరం. ఆ రోజు ఆయన ఆఫీసుకి వెళ్ళలేదు.

మర్నాడు పదకొండూ నలభైకి నెయ్యి బాగా కరిగి ఉండగా ఆమె ఫోను చేసింది.

"ఏం చేస్తున్నారు?"

"తుఫాను లెక్క నడుస్తోంది. ఏమిటి చెప్పు తొందరగా."

"దాన్ని ఆపండి."

"నాలుగు గంటల లెక్క! ఎందుకు ఆపాలి?"

"ఆపండీ. పది నిమిషాలాగి మళ్ళీ పెట్టుకోండి. మీ తుఫాను ఎక్కడికీ పోదు."

ఆయన గొణుక్కుంటూ ఆపాడు. సువర్చల అరచెయ్యి లాప్‌టాప్ మీదే ఉంచింది. అయిదు నిమిషాల్లో చెయ్యి పెట్టేంతకి వచ్చింది, పది నిమిషాలకి చల్లబడింది. "ఇప్పుడు పెట్టండి" అంది. ఆయన పెట్టినట్టు చెప్పకముందే ఆమెకి తెలిసింది. చెయ్యి తీసేసుకుంది.

ఫోను పెట్టేశాక ఆ ఆదివారం కళ్ళముందుకొచ్చింది. తన అరచేతుల్లో కొత్తకుండలా చల్లగా ఉన్న ఆయన లాప్‌టాప్. అదే మధ్యాహ్నం పక్కగదిలో పిల్ల తొడ. రెంటి మధ్యా ఒక్క గోడ.

ఆయన పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తెచ్చి కూతురి లాప్‌టాప్ వెనకమూత విప్పింది. పంపే పలకకి ఎర్రరంగు చుక్క, పుచ్చుకునేదానికి పసుపురంగు చుక్క పెడతామని ఆయనెప్పుడో చెప్పాడు. పలక మూలన చుక్క ఎర్రగానే ఉంది. పంపేదే. సువర్చల దాన్ని గోటితో గీరింది. ఎరుపు ఊడి వేలికంటుకుంది. పరిచయమున్న వాసనే. నుదుటికి రాసుకుంటే సరిపోయేది. కుంకుమ. దాని కింద పసుపు పూత. తడిగుడ్డతో తుడిస్తే ఆ పూతా పోయింది. అన్నిటికంటే అడుగున, ఎంత రుద్దినా పోకుండా, పసుపురంగు పెయింటు చుక్క మిగిలింది.

ల్యాబు స్టోరు చూసుకునే పైడమ్మ నంబరు ఆమె దగ్గరుంది. ఇద్దరికీ ఆవకాయ జాడీల రాకపోకలున్నాయి.

"పైడమ్మా, దసరాకి స్టోర్లో ఆయుధపూజ చేశారా?"

"సెయ్యకపోతే ఎలగమ్మగారూ? పలకలన్నిటికీ బొట్టెట్టేను. ఆరు అలమార్లండి, నడుం పడిపోనాది. పసుపు రాసి దానిమీద కుంకం. ఒక్కటీ ఒగ్గలేదు."

"పూజయ్యాక?"

"పొడిగుడ్డతో తుడిసేసినానండి. కొన్నిటికి కుంకం పోనేదు, కొన్నిటికి పసుపు మిగిలిపోనాది. తరవాత సార్లొచ్చి ఎర్రవీ పసుపువీ ఏరుకున్నారు." పైడమ్మ ఆగింది. "ఏటైనాదమ్మగారూ? నానేటైనా తప్పు సేసేనేటి?"

"నీ తప్పేం లేదు పైడమ్మా. పని చేసే వస్తువుకి బొట్టు పెట్టావు, అంతే."

నిజంగానే ఆమె తప్పు కాదనిపించింది సువర్చలకి. లోకంలో ఎన్ని రంగులున్నాయి! నీలం ఉంది, ఆకుపచ్చ ఉంది. పది డాక్టరేట్లు కూర్చుని, తెలుగువాళ్ళ స్టోర్లో దసరాదాకా ఉంచబోయే సామానుకి, ఏరికోరి ఎరుపూ పసుపూ ఎంచారు.

ఆ సాయంత్రం చిదంబరం చెప్పులు విప్పకముందే కేలండరు ఆయన చేతిలో పెట్టింది. విప్పిన పలక చూపించింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి పలకనీ, దించి కేలండర్నీ, మళ్ళీ ఎత్తి పలకనీ చూశాడు. మూడు ఆదివారాల కారణాల్లో ఒక్కటీ పైకి రాలేదు.

"ఒకే అలమారులో పక్కపక్కనున్నవి తీశాను," అన్నాడు చివరికి. "రెండూ ఎర్రగానే కనబడ్డాయి. జంటే తెచ్చేశానన్నమాట."

"మీ చల్లదనమంతా మా వేడండీ. ఎల్లుండి ఆ మూడొందల లాప్‌టాపులూ ఇచ్చేస్తున్నారు కదా?"

శుక్రవారం ల్యాబులో సభ. మన్యంలో ఊరూరూ తిరిగి బాలింతల్నీ పసిపిల్లల్నీ చూసే నర్సమ్మలకి మూడు వందల జంటపలక లాప్‌టాపులు పంచుతున్నారు. సభ అవగానే లారీకెక్కిస్తారు. చిదంబరానికి అదే రోజున పదోన్నతి చెబుతారని అందరికీ తెలుసు.

"శుక్రవారం అయ్యాక చూద్దాం," అన్నాడు ఆయన, కేలండరు చుట్టచుడుతూ.

"ముందే చూస్తే?"

"ఆరు వందల పలకలు విప్పాలి. నెల పడుతుంది. ఆపమని చెబితే మళ్ళీ మొదలుపెట్టనివ్వరు సువర్చలా. పదకొండేళ్ళు."

"వాళ్ళకి బల్లలుండవండీ. ఒళ్ళే ఉంటుంది."

"అందరికీ తప్పు పలక వెళ్ళదు కదా. సగం కంటే తక్కువే కావచ్చు."

"నూటపాతిక మందైతే ఫర్వాలేదా?"

లోపల్నుంచి శర్వాణి, పుస్తకంలోంచి తలెత్తకుండా, "నూట ఇరవయ్యారు. నన్ను కలుపుకుంటే," అంది.

ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ కూరల్లో ఉప్పు సరిగ్గానే పడింది, మాటలే పడలేదు. డైరెక్టరుకి ఫోను చేద్దామని సువర్చల రెండుసార్లు నంబరు తీసింది. రెండుసార్లూ పెట్టేసింది. ఈ మాట ఆమె చెబితే భార్యాభర్తల గొడవవుతుంది. ఆయన చెబితే విజ్ఞానశాస్త్రమవుతుంది. ఈ తేడా మీద ఆమెకి ఒళ్ళుమండింది కానీ, మండినంత మాత్రాన తేడా పోదు.

శుక్రవారం సభకి ఇంటిల్లిపాదినీ పిలిచారు. సువర్చల పట్టుచీర కట్టుకుంది. పెద్ద చేతిసంచి పట్టుకుంది. ముందువరసలో, వేదికకి సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది. వెనక రెండు వరసల్లో తెల్లచీరల్లో నర్సమ్మలు, కబుర్లు చెప్పుకుంటూ.

"మన ఫోనయితే సెవి కాలిపోద్దే. ఇది మంచులాగుంటాదట," అంటోంది ఒకామె.

డైరెక్టరు మాట్లాడాడు. ఆయన తరవాత ఇంకొకాయన అదే మాట్లాడాడు. అప్పుడు చిదంబరం లేచి తన లాప్‌టాప్ బల్లమీద పెట్టి, దానికి ఒక థర్మామీటరు తగిలించాడు. అది చూపించే అంకె వెనక పెద్ద తెరమీద కనబడుతోంది. సువర్చల ఆ థర్మామీటర్ని గుర్తుపట్టింది. తను పాకంకోసం కొన్నదే.

ఆమె సంచిలోంచి, పలక మళ్ళీ బిగించిన కూతురి లాప్‌టాప్ తీసింది. ఒళ్ళో పెట్టుకుంది. పైట సర్దుకుని, రెండు చేతులూ దానిమీద ముడిచి, పేరంటానికి వచ్చినదానిలా వేదికకేసి చూసింది.

చిదంబరం చూశాడు. మీట మీదికి వెళ్ళిన వేలు గాల్లో ఆగింది.

"కానివ్వండి డాక్టర్‌గారూ," అన్నాడు డైరెక్టరు.

వేలు దిగింది. తుఫాను మొదలైంది. తెరమీద మబ్బులు గుండ్రంగా తిరుగుతున్నాయి. థర్మామీటరు అంకె ఇరవయ్యారు. సభలో చప్పట్లు.

రెండు నిమిషాలకి సువర్చల అరచేతులకి వెచ్చగా తెలిసింది. మూడో నిమిషంలో వేళ్ళు విడదీసి చివర్లమీద ఆనించింది. లేవలేదు. తెరమీద ఇరవయ్యారే. చిదంబరం ఏదో వివరిస్తున్నాడు కానీ వాక్యాలు సగంలో తెగిపోతున్నాయి. ఆయన కళ్ళు తెరమీద లేవు. నాలుగో నిమిషానికి ఆమె పెదవిమీద చెమట పట్టింది. పక్కనున్న శర్వాణి చెయ్యి వేయబోతే, మోచేత్తో నెట్టేసింది.

"ఎంతసేపైనా ఇంతేనా?" అని డైరెక్టరు ఆనందంగా అడిగాడు.

"ఇంకో పది నిమిషాలు చూపిద్దాం సర్," అన్నాడు పక్కనున్న కుర్ర సైంటిస్టు.

పది నిమిషాలు అన్న మాట విని చిదంబరం ఆమెకేసి చూశాడు. సువర్చల చిన్నగా తలూపింది, మీ ఇష్టం అన్నట్టు. పంతొమ్మిదేళ్ళలో ఆ తలూపుడు ఆయన వేలసార్లు చూసి ఉంటాడు. నిజంగా చూడటం మాత్రం బహుశా అదే మొదలు.

ఆయన చెయ్యి చాచి మీట నొక్కేశాడు. మబ్బులు ఆగిపోయాయి.

"క్షమించాలి," అన్నాడు మైకులో. "ఇది చల్లగా లేదండి. దీని వేడి అక్కడుంది. ఆవిడ ఒళ్ళో. దయచేసి ఎవరైనా దాన్ని ఆవిడ ఒళ్ళోంచి తీయండి. పలకలు కలిసిపోయాయి. తప్పు మాదే. నాదే. మూడు వందల్లో ఒక్కటి కూడా గేటు దాటకూడదు."

ఆ తరవాత సభలో ఏర్పడ్డ గందరగోళంలో సమోసాలు ఎవరూ ముట్టుకోలేదు, నర్సమ్మలు తప్ప. లారీ తిరిగి వెళ్ళిపోయింది. డైరెక్టరు చిదంబరాన్ని తన గదిలోకి పిలిచి ముప్పావుగంట ఉంచాడు. బయట బల్ల వేసుకుని పైడమ్మ, సువర్చల చెప్పినట్టు, బకెట్లో తడిగుడ్డ ముంచి లాప్‌టాపుల మూతలు విప్పి తీసిన పలకలు తుడవడం మొదలుపెట్టింది. అడుగున మిగిలిన చుక్క రంగు చూసి ఎటుదటు పెడుతోంది. నెల పడుతుందన్న పని, ఆమె చేతివేగం చూస్తే నాలుగు రోజులు పట్టేలా ఉంది.

పదోన్నతి మాట ఎవరూ ఎత్తలేదు.

ఇంటికెళ్ళే ఆటోలో శర్వాణి డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక వీళ్ళిద్దరూ. మద్దిలపాలెం దాటాక చిదంబరం ఆమెవైపు తిరిగాడు.

"బాగా కాలిందా?"

సువర్చల సంచిలోంచి ఒక గుడ్డ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. నాలుగు మడతలు వేసి కుట్టిన మసిగుడ్డ. పోపు వాసన కొడుతోంది, ఇంకా కాస్త వెచ్చగా ఉంది.

"రోజూ వేడిగిన్నెలు దించేదాన్ని. ఇది లేకుండా కూర్చుంటానా?"

ఆయన ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పాడు. మడత విప్పి చూశాడు, మళ్ళీ మడిచాడు. ఆమె చేతివేళ్ళ చివర్లు మాత్రం ఎర్రగా ఉండటం అప్పుడే కనబడింది కాబోలు, కాసేపు వాటికేసే చూస్తూ ఉండిపోయాడు.

"అయితే నేను ఆపక్కర్లేదన్నమాట," అన్నాడు మెల్లిగా.

"ఆపారుగా," అంది సువర్చల. "రేపు ఆ థర్మామీటరు తెచ్చి పడెయ్యండి. నాకు పాకానికి కావాలి."